డ్రోన్ సరే, గట్టు మీది జనరేటర్ సంగతి ఎవరు చూస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువల కింద ఒక పల్లె. వరికీ, మినుముకీ ఇప్పుడు మా దగ్గర డ్రోన్లతోనే మందు కొట్టించుకునేవాళ్ళు పెరిగారు. వీపున ట్యాంకు మోసుకుంటూ ఆ తుంపర్లలో నడిచే బాధ కూలీలకు తప్పింది, చాలా మంచి పని. కానీ అందరూ పైకి చూసి వీడియోలు తీసుకుంటుంటే కింద గట్టు మీద దడదడలాడుతున్న పెట్రోలు జనరేటర్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదు, ఈ ఉత్తరం దాని గురించే.

డ్రోన్ బ్యాటరీ ఒకసారి ఛార్జి చేస్తే పది పదిహేను నిమిషాలు వస్తే గొప్ప. చేల మధ్య ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది, అందుకే ఛార్జింగ్ కోసం బండిలో జనరేటర్ వేసుకొస్తారు. మొన్న సార్వాలో జల్లు పడుతోందని మా పక్క చేలో మినీ వ్యాన్‌కి మూడు వైపులా బరకం కట్టి, జనరేటర్, ఛార్జర్లు, మందు డబ్బాలు, ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌లో పెట్రోలు అన్నీ ఆ బరకం కిందే పెట్టేశారు. బ్యాటరీలు మార్చే కుర్రాడు కూడా అందులోనే కూర్చున్నాడు. గంట తిరిగేసరికి తల పగిలిపోతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు. మందు పట్టిందని అందరూ అనేసి, మజ్జిగ ఇచ్చి, మళ్ళీ ఆ బరకం కిందే పడుకోబెట్టారు. ఎవరో జనరేటర్ ఆపించి వాడిని గాలిలోకి తెచ్చాక గానీ తేరుకోలేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, మగతగా ఉండటం, ఇవే దాని లక్షణాలు, మందు పట్టినా వడదెబ్బ తగిలినా దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి పొలంలో దీన్ని ఎవరూ అనుమానించరు. కరోనా రోజుల్లో ఇంటింటా కొన్న వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది, ఈ విషవాయువు పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి అంకె బాగానే చూపిస్తుంది. అందుకని జనరేటర్ దగ్గర పనిచేసేవాళ్ళకి తలనొప్పి మొదలైతే ముందు ఇంజన్ ఆపి, మనిషిని దూరంగా గాలిలోకి తీసుకెళ్ళి, 108కి ఫోన్ చేయాలి, డాక్టరుకి జనరేటర్ పొగ పీల్చాడని కూడా తప్పనిసరిగా చెప్పాలి. పురుగుమందుకి చేసే వైద్యం వేరు, దీనికి వేరు.

జనరేటర్‌ని మనుషులకీ బండికీ కనీసం 20 అడుగుల దూరంలో, ఎత్తుపల్లాలు లేని పొడి నేల మీద, పొగ గొట్టం గాలి వెళ్ళే వైపు తిరిగేలా పెట్టాలి. వైరు పొడవు చాలదని దగ్గరకు లాక్కునేవాళ్ళే ఎక్కువ, వైరు కొనడానికి అయ్యే ఖర్చు ప్రాణం కంటే ఎక్కువా? గొట్టం కింద ఎండుగడ్డి ఉంటే అంటుకుంటుంది, గడ్డివాము పక్కన అసలు పెట్టకూడదు. వాన పడితే నాలుగు వైపులా గాలి ఆడేలా ఎత్తుగా పందిరి వేయాలి, కుదరకపోతే ఆపేయాలి.

నడుస్తున్న ఇంజన్‌లో పెట్రోలు పోయడం మా దగ్గర రోజూ చూస్తున్నాం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలబారుగా పాకి వేడి సైలెన్సర్‌నో స్విచ్ నిప్పురవ్వనో అందుకుంటుంది. ఆపి, పదిహేను నిమిషాలైనా చల్లారనిచ్చి పోయాలి. లైసెన్స్ లేకుండా పెట్రోలు దగ్గర పెట్టుకోవాలంటే 1934 పెట్రోలియం చట్టం చెప్పేది గట్టిగా మూత పడే గాజు, పింగాణీ, లోహపు పాత్రల గురించే, నీళ్ళ క్యాన్ల గురించి కాదు. బ్యాటరీలు ఛార్జయ్యే చోట ఆ పెట్రోలు డబ్బా అసలు ఉండకూడదు, లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో చూసినవాళ్ళకు తెలుసు.

లోడు సంగతి కూడా చెప్పాలి. 3 కేవీఏ అని రాసి ఉన్నంత మాత్రాన 3 కిలోవాట్లు రాదు, పవర్ ఫ్యాక్టర్ 0.8 లెక్కన 2.4 కిలోవాట్లే వస్తుంది, అందులోనూ కొంత మిగుల్చుకోవాలి. ముందు ఖాళీగా నడిపి ఇంజన్ కుదురుకున్నాక ఛార్జర్ పెట్టాలి, ఆపేటప్పుడు ముందు ఛార్జర్ తీయాలి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పి పరవాలి, చుట్టలోనే వదిలేస్తే వేడెక్కి కరిగిపోతుంది.

ఇంకొకటి, కరెంటు పోయినప్పుడు ఈ జనరేటర్‌నే ఇంటికి తెచ్చి రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో గోడ సాకెట్‌లోకి పెట్టేస్తున్నారు. ఆ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతే 230 వోల్టులు వేలల్లోకి పెరుగుతాయి. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, లైన్‌లో కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ఏమైపోతాడు? జనరేటర్ కరెంటు బయటి లైన్‌లోకి పోకుండా విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగ్‌కి కలపనే కూడదు.

మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ నమో డ్రోన్ దీదీ పథకంలో సంఘం మహిళలకు 15 రోజుల శిక్షణ ఉంది, అందులో 5 రోజులు పైలట్ శిక్షణే. వ్యవసాయ శాఖ అధికారులను నేను కోరేది ఒకటే. ఆ 15 రోజుల్లో ఒక పూట జనరేటర్‌ని నేల మీద పెట్టించి, పొగ ఎటు పోతుందో చూపించి, వాళ్ళ చేతే పెట్రోలు పోయించి నేర్పండి, సహాయకులుగా వెళ్ళేవాళ్ళకు మరీ ముఖ్యంగా. ఎందుకంటే రోజంతా దాని పక్కన కూర్చునేది వాళ్ళే. రైతు సోదరులు కూడా మన చేలోకి బండి రాగానే జనరేటర్ ఎక్కడ దించుతున్నారో చూడండి, దగ్గరగా దించితే దూరం జరపమని గట్టిగా చెప్పండి. ఎకరానికి ఇంత అని డబ్బు ఇస్తున్నది మనమే, వాళ్ళు వింటారు.

ఇట్లు,
ఒక వరి రైతు,
గుంటూరు జిల్లా