నాన్నా, ఆఖరి కుర్చీ వాళ్ళ పేర్లు కూడా వేశారు

లండన్
ఆదివారం రాత్రి

నాన్నా,

ఎలా ఉన్నావు, అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా. ఫోన్లో చెప్తుంటే సగం నీకు వినపడట్లేదు, అందుకే ఇదంతా టైప్ చేసి పంపిస్తున్నా, తమ్ముణ్ణి పెద్దక్షరాలతో ప్రింట్ తీసిమ్మన్నా.

మొన్న శనివారం ఈ.టి. సినిమాకి వెళ్ళా. 1982 నాటి సినిమా, మన ఇంట్లో క్యాసెట్ అరిగిపోయేదాకా చూశాం గుర్తుందా, అదే. ఇక్కడ పైన తెరమీద సినిమా వేస్తారు, కింద ఆర్కెస్ట్రా మొత్తం కూర్చుని ఆర్ఆర్, అదే సీన్ల వెనక వచ్చే మ్యూజిక్, అక్కడికక్కడే వాయిస్తారు, మాటలూ సౌండ్లూ సినిమాలోవే, మ్యూజిక్ మాత్రం కళ్ళముందు. సినిమాలకి వయొలిన్ వాయించిన రోజుల్లో రీలు వేసుకుని బిట్ బిట్‌గా వాయించేవాళ్ళమని నువ్వు చెప్పేవాడివే, అదే పని, కాకపోతే ఆపడం లేదు, రెండో టేక్ లేదు. కండక్టర్ ముందు చిన్న టీవీ పెట్టారు, అందులో బొమ్మమీద ఒక నిలువు గీత ఎడమనుంచి కుడికి జరుగుతూ వస్తుంది, చివరికొచ్చేసరికి తెల్లచుక్క తళుక్కుమంటుంది, సరిగ్గా అక్కడ బీట్ పడాలి.

నా సీటు పక్కన పైవరసలో వచ్చింది, తెర కొంచెం వంకరగా కనపడింది గానీ సెకండ్ వయొలిన్లు మాత్రం బాగా కనపడ్డారు. నొటేషన్ పెట్టుకునే ఆఖరి స్టాండ్ దగ్గర ఒకాయన, ఒకావిడ. ఇద్దరికీ కలిపి ఒకటే నొటేషన్. పేజీ అయిపోతుంటే లోపలివైపు కూర్చున్నాయన వాయించడం ఆపి, కమాను వేళ్ళమధ్యే పట్టుకుని పేజీ తిప్పాడు, ఆవిడ మాత్రం ఆపకుండా వాయిస్తూనే ఉంది, ఆయన తిప్పిన మరుక్షణం కమాను తీగమీద పెట్టి ఆవిడతో కలిసిపోయాడు. సైకిల్ గాల్లోకి లేచినప్పుడు హాలంతా ఏడ్చింది, నేను మాత్రం ఆ పేజీ దగ్గరే ఏడ్చా నాన్నా. నువ్వు రాత్రి ఇంటికొచ్చేసరికి నీ నల్ల ప్యాంటు మీద కమానుకి రాసే రోజిన్ పొడి తెల్లగా పడి ఉండేది, అమ్మ దులపమని అరిచేది, అదే కళ్ళముందు కనపడింది.

ఆ సినిమా చివర్లో పదిహేను నిమిషాల దాకా వచ్చే మ్యూజిక్ సంగతి నీకు చెప్పానో లేదో. మ్యూజిక్ డైరెక్టర్ జాన్ విలియమ్స్ ఎన్నిసార్లు చేసినా బొమ్మకి కరెక్టుగా పడట్లేదట, అప్పుడు డైరెక్టర్ స్పీల్‌బర్గ్ తెరమీద బొమ్మ ఆపించేసి, కచేరీలో వాయించినట్టు మీకు నచ్చినట్టు వాయించండి అన్నాడట, తర్వాత ఆ మ్యూజిక్‌కి తగ్గట్టు సినిమానే మళ్ళీ ఎడిట్ చేసుకున్నాడు. ఇటలీ మ్యూజిక్ డైరెక్టర్ మొర్రికోనే అయితే ఇంకా ముందే, 1968లో వచ్చిన ఒక కౌబాయ్ సినిమాకి షూటింగ్ మొదలుపెట్టకముందే మ్యూజిక్ చేసి ఇచ్చేశాడు, సెట్లో అది వేసి వినిపిస్తూ నటులతో చేయించాడు డైరెక్టర్ లియోనే. మ్యూజిక్ సీన్‌కి పనిమనిషి కాదు అని నువ్వంటావే, ఆ మాట నిజమని వీళ్ళందరూ ఎప్పుడో ఒప్పుకున్నారు.

ఇక అసలు సంగతి. అక్కడ ఒక పుస్తకం అమ్ముతారు, కొన్నా. చివరిపేజీలో వాయించిన వాళ్ళందరి పేర్లూ ఉన్నాయి. ఫస్ట్ వయొలిన్, సెకండ్ వయొలిన్, వయోలా, చెల్లో, అలా వాద్యం వాద్యానికీ వేశారు. నేను చూసిన ఆ ఆఖరి స్టాండ్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సినిమా అయిపోయాక టైటిల్స్ పడుతుంటే ఒక్కరూ లేవలేదు, ఆర్కెస్ట్రా చివరి నోట్ వాయించేదాకా కూర్చున్నారు, తర్వాత కండక్టర్ ఒక్కో గుంపునీ లేపి నిలబెట్టాడు, జనం చప్పట్లు ఆపట్లేదు. 1977లో స్టార్ వార్స్‌కి లండన్ సింఫనీ వాళ్ళు వాయిస్తే ఆ మొదటి ట్రంపెట్ మారిస్ మర్ఫీదని ఇక్కడ మ్యూజిక్ తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారు, ఆ ఆర్కెస్ట్రాలో చేరిన కొత్తలోనే వాయించాడట. నువ్వు ముప్ఫై ఏళ్ళు వాయించావు, ఒక్క టైటిల్ కార్డులో నీ పేరు పడలేదు. సంగీతం అని ఒక పేరు, కింద పాటలు పాడినవాళ్ళు, అంతే. చిన్నప్పుడు థియేటర్లో నీ పేరు కోసం వెతికేవాణ్ణి, నువ్వేమో ముందుకి చూడరా అనేవాడివి. నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. కీబోర్డులొచ్చి కాల్‌షీట్లు వారానికి ఒకటై, తర్వాత నెలకి ఒకటైనప్పుడు కూడా నువ్వు ఎవర్నీ ఏమీ అనలేదు.

ఆ కీబోర్డు వయొలిన్ నాకెప్పుడూ ఎందుకు నచ్చదో ఆ రోజు హాల్లో తెలిసింది. పదహారుమంది వయొలిన్ వాయిస్తే పదహారూ ఒక్కలా ఉండవు, శ్రుతిలో వెంట్రుకవాసి తేడా, కమాను మొదలెట్టడంలో కాస్త ముందూవెనకా, ఆ తేడాల వల్లే ఆ నాదం అంత వెడల్పుగా వస్తుంది. అందరూ అచ్చం ఒకేలా వాయిస్తే ఒక్కడు గట్టిగా వాయించినట్టుంటుందిరా అని నువ్వన్న మాటే. మ్యూజిక్ డైరెక్టర్ బెర్నార్డ్ హెర్మన్ 1960లో సైకో సినిమాకి ట్రంపెట్లు డ్రమ్ములు ఏవీ లేకుండా ఒట్టి తీగవాద్యాలతోనే మొత్తం చేశాడు, ఆ బాత్రూం సీన్‌కి మ్యూజిక్కే వద్దనుకున్నాడు డైరెక్టర్ హిచ్‌కాక్, ఈయన రాసింది విన్నాక మనసు మార్చుకున్నాడు. వయొలిన్ వాళ్ళకి అంతకంటే గొప్ప సినిమా లేదని నా అభిప్రాయం.

మ్యూజిక్ డైరెక్టర్ హాన్స్ జిమ్మర్ విషయంలో మాత్రం నేను నీతో ఒప్పుకోను. ఒట్టి మోత అంటావు. కొన్నిట్లో నిజమే. కానీ ఇంటర్‌స్టెల్లార్ (2014) కోసం ఆయన ఆర్గన్, అదే చర్చిల్లో గొట్టాలతో ఉండే పెద్ద వాద్యం, వాడాడు, ఆ ఆర్గన్ ఇక్కడి టెంపుల్ చర్చ్‌లో ఉంది, నేను వెళ్ళి చూసొచ్చా. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి పాతది కాలిపోతే, స్కాట్లాండ్‌లో ఒక పెద్ద బంగళాలో ఉన్నదాన్ని తెచ్చి పెట్టారట. దాని గొట్టాల్లోంచి గాలి వచ్చే చప్పుడు కూడా వినపడుతుంది, మనిషి ఊపిరి తీసినట్టు. ఆ సినిమా డైరెక్టర్ నోలన్ ఆయనకి కథ ఏమీ చెప్పకుండా ఒక్క కాగితం రాసిచ్చాడట, ఒక తండ్రీ బిడ్డా గురించి, అంతరిక్షం మాటే లేదు అందులో. ఆయన దానిమీదే ట్యూన్ కట్టాడు. నువ్వు మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కసారి విను, తర్వాత తిట్టు.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌కి మ్యూజిక్ చేసిన హోవర్డ్ షోర్ గురించి మనిద్దరికీ గొడవ లేదు, పల్లెటూళ్ళో విజిల్ మీద హాయిగా వచ్చిన ట్యూన్‌నే మూడు సినిమాల పొడుగునా మార్చి మార్చి తెస్తాడు, కష్టంలో అదే నెమ్మదిగా వస్తే మనకి ఇల్లు గుర్తొస్తుంది. ఆ పని మన ఇళయరాజాగారు గీతాంజలి (1989)లో చేసినట్టు ఇక్కడ ఎంతమంది చేశారు చెప్పు. 2025 మార్చి 8న ఆయన సింఫనీ ఇక్కడ వాయించినప్పుడు నాకు నైట్ డ్యూటీ, సెలవు దొరకలేదు, ఆ బాధ ఇంకా పోలేదు. ఎనభై దాటాక సింఫనీ రాసి లండన్లో వినిపించిన మనిషి. ఇక్కడివాళ్ళకి విలియమ్స్ ఎంతో మనకి ఆయన అంత, ఇందులో నాకు డౌటే లేదు.

మద్రాసులో వాహినీ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు మాల్ ఉంది, పోనీ. నీ బీరువాలో ఆ నల్ల అట్ట నోటుబుక్కు ఉంది కదా, బిట్లు రాసుకున్నది, చెదలు పట్టకముందే తమ్ముడితో ప్రతి పేజీ ఫోటో తీయించు. మొదటిపేజీలో నీ పేరు, పక్కన కూర్చున్న బాబాయి పేరు, ఇంకా ఎంతమంది గుర్తుంటే అంతమంది పేర్లూ వాద్యంతో సహా రాయి, నేను ఇక్కడ శుభ్రంగా టైప్ చేసి పెడతా. వచ్చే ఆదివారం పొద్దున, ఎదురింటి వాళ్ళ మిక్సీ ఆగాక, నాలుగో పేజీలో ఉన్న ఆ బిట్ వాయించు. ఫోన్ కిటికీ దగ్గర పెట్టు, ఫ్యాన్ ఆపు.

నీ
చిన్నోడు