మా ధరల గురించి మీకు చెప్పాల్సిన నిజం

వచ్చే సోమవారం నుంచి మన షాపులో ఉన్న పాత వీడియో గేముల్లో దాదాపు సగానికి ధరలు తగ్గుతున్నాయి. ఇది ఆఫర్ కాదు, స్టాకు వదిలించుకునే పనీ కాదు. వాటికి నేను ఇన్నాళ్లూ పెట్టిన ధరలు తప్పు, అందుకే తగ్గిస్తున్నాను. ఎలా తప్పయ్యాయో, కొత్త ధరలు ఎలా లెక్కేస్తున్నానో, ఇంతకుముందు నా దగ్గర కొన్నవాళ్లకి ఏం చేయబోతున్నానో అన్నీ ఇక్కడే రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది.

పోయిన నెల ఒక పాత కస్టమర్ మెయిల్ పెట్టారు. మొదట్నించీ నా దగ్గరే కొంటున్న మనిషి. పోకెమాన్ క్రిస్టల్ అనే పాత గేమ్ క్యాట్రిడ్జ్ (కన్సోల్‌లో పెట్టి ఆడే చిన్న ప్లాస్టిక్ డబ్బీ) కోసం చూస్తూ నా ధరా, ఆన్‌లైన్‌లో మిగతావాళ్లు అడుగుతున్న ధరలూ పక్కపక్కన పెట్టి పంపారు. అన్నీ ఇంచుమించు ఒకటే. దాని కిందే, అదే క్యాట్రిడ్జ్ ఆ నెలలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు కూడా పెట్టారు. అవి మా అందరి ధరల్లో మూడింట రెండు వంతులు కూడా లేవు. చివర్లో ఒక్క వాక్యం రాశారు: "మీరు కూడా వాళ్లలాగే అయిపోయారా అన్నా?" ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన కోపంగా రాయలేదు, నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

నేను ధరలు ఎలా పెట్టేవాణ్ణో చెప్తాను. కొత్త స్టాకు రాగానే రీసేల్ సైట్లు తెరిచి, ఆ గేమ్‌కి అందరూ ఎంత అడుగుతున్నారో చూసి, వాళ్లకంటే కొంచెం తగ్గించి పెట్టేవాణ్ణి. తక్కువకే ఇస్తున్నానని నిజంగానే నమ్మాను. కానీ నేను చూసింది అడిగే ధర, అమ్ముడుపోయిన ధర కాదు. లిస్టింగ్‌లో ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. సరైన ధరకి పెట్టినది రెండు రోజుల్లో అమ్ముడైపోయి పేజీలోంచి మాయమవుతుంది, మూడింతలు పెట్టినది ఎవరూ కొనక నెలల తరబడి అక్కడే కూర్చుంటుంది. అంటే ఏ సమయంలో వెతికినా మీ కళ్లకి కనబడేది ఎక్కువగా అమ్ముడుపోని సరుకే. ఆ పేజీ చూసి నేను ధర పెడితే, నా పేజీ చూసి ఇంకొకరు పెడతారు. అలా ఒక్క మనిషి కూడా డబ్బు కట్టని ధర అందరి నోటా మార్కెట్ రేటు అయిపోతుంది.

ఈబే లాంటి చోట అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. ఏదైనా కొనే ముందు, నా దగ్గరైనా సరే, దయచేసి ఒకసారి అది నొక్కి చూడండి. అందులోనూ కొన్ని తిరకాసులున్నాయి. బేరమాడి తక్కువకి తీసుకున్నప్పుడు చాలాసార్లు పాత ధరే కొట్టేసినట్టు కనిపిస్తుంది, అసలు ఎంతకి పోయిందో కనపడదు. వేలంలో గెలిచి డబ్బు కట్టకుండా వెళ్లిపోయినవి కూడా అమ్ముడైన వాటిలోనే కలిసిపోవచ్చు. అందుకే ఒక్క పెద్ద అంకె చూసి నిర్ణయానికి రాకుండా పది పదిహేను అమ్మకాలు చూడాలి.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే నా మటుకు 2020, 21 సంవత్సరాల్లోనే. జనం ఇళ్లలో ఉండిపోయారు, చిన్నప్పటి కన్సోళ్లు అటక మీంచి దిగాయి, గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. అంతవరకూ సహజమే. ఆ తర్వాత 2021 జులైలో సీలు విప్పని సూపర్ మారియో 64 ఒకటి అమెరికాలోని హెరిటేజ్ వేలం సంస్థ దగ్గర 15 లక్షల 60 వేల డాలర్లకి పోయింది. ఆ వార్త చదవని వాళ్లు లేరు. 1996లో వచ్చిన ఆ గేమ్ ప్రపంచమంతా కలిపి కోటికి పైగా కాపీలు అమ్ముడైంది. అరుదైన గేమ్ అసలే కాదు. ఆ ఒక్క పెట్టె సీలు చెక్కుచెదరకుండా ఉండి, గ్రేడింగ్‌లో, అంటే ఎంత బాగా ఉందో చూసి పదికి మార్కులేసే పద్ధతిలో, 9.8 వచ్చింది కాబట్టి డబ్బున్నవాళ్లు దాని కోసం పోటీపడ్డారు. ఆడి ఆడి లేబుల్ చిరిగిన మామూలు క్యాట్రిడ్జ్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. అయినా వారం తిరక్కుండానే మామూలు మారియో క్యాట్రిడ్జ్‌ల లిస్టింగుల్లో "రేర్", "ఇన్వెస్ట్‌మెంట్" అనే మాటలు వచ్చి చేరాయి. నా దగ్గరకి గేములు అమ్మడానికి వచ్చేవాళ్లు కూడా ఆ వార్త చూపించి ధర అడిగారు. నేనూ ఎక్కువ పెట్టి కొన్నాను. ఎక్కువ పెట్టి కొన్నాను కాబట్టి ఎక్కువకి అమ్మాను.

రేర్ అనే మాట మీద నాకు నిజంగా బాధ ఉంది. 1990లో గేముల కంపెనీ నింటెండో పెట్టిన వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పోటీల కోసం చేసిన బంగారు రంగు క్యాట్రిడ్జ్‌లు 26, బూడిద రంగువి 90. దాన్ని రేర్ అనండి, ఒప్పుకుంటాను. సూపర్ మారియో బ్రదర్స్ నాలుగు కోట్ల కాపీలు పోయిన గేమ్. దాని పక్కన ఆ మాట రాయడమంటే తెలియనివాళ్ల జేబులో చెయ్యి పెట్టడమే. మా లిస్టింగుల్లోనూ ఆ మాట పదకొండు చోట్ల ఉంది, వెతికి లెక్కపెట్టాను. తొమ్మిది తీసేశాను. మిగిలిన రెండింటికి ఎందుకు రేర్ అంటున్నానో పక్కనే కారణం రాశాను.

అన్ని ధరలూ ఉత్త గాలి మాటలేమీ కావు, అది కూడా చెప్పాలి. క్రిస్టల్‌నే తీసుకోండి. 2018 జనవరిలో అది నింటెండో వాళ్ల 3డీఎస్ కన్సోల్‌లో డౌన్‌లోడ్‌గా వచ్చింది, ఎవరైనా తక్కువ డబ్బుకే కొనుక్కుని ఆడుకోగలిగారు. 2023 మార్చి 27న 3డీఎస్‌, ఇంకో నింటెండో కన్సోల్ వీయూ, ఈ రెండిటి ఆన్‌లైన్ స్టోర్లలో కొనుగోళ్లు ఆపేశారు. ఆ దారి మూసుకుపోయింది. కంపెనీ దగ్గర కొత్తగా కొనే వీలు లేనప్పుడు జనం పాత క్యాట్రిడ్జ్ వైపే తిరుగుతారు, ధర పెరుగుతుంది. అదే ఏడాది వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ చేసిన అధ్యయనం ప్రకారం అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్లో కొత్తగా కొనడానికి దొరకట్లేదు. వంద గేముల్లో ఎనభై ఏడు! రీసెల్లర్ల ఆశ కంటే ఈ అంకె నన్ను ఎక్కువ భయపెడుతుంది. కంపెనీలు తమ పాత గేముల్ని అందుబాటులో ఉంచితే మాలాంటి వాళ్ల వ్యాపారం కొంత తగ్గుతుందేమో, అయినా అదే జరగాలని కోరుకుంటాను.

అందుకే ఇంకో మాట. మీకు గేమ్ ఆడటమే ముఖ్యమైతే, క్యాట్రిడ్జ్ చేతిలో ఉండాలన్న కోరిక లేకపోతే, నా దగ్గర కొనే ముందు అది అధికారికంగా ఇంకెక్కడైనా ఉందేమో చూడండి. ఎర్త్‌బౌండ్ అనే పాత గేమ్ క్యాట్రిడ్జ్ ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లు నాకు చాలామంది తెలుసు. 2022 ఫిబ్రవరి నుంచి అది నింటెండో స్విచ్ కన్సోల్‌కి ఉండే స్విచ్ ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్‌లో ఉంది. ఇకమీదట ఇలా ఎక్కడైనా దొరికే గేములకి మా పేజీలోనే ఆ విషయం రాస్తాను. అమ్మకం పోతే పోనివ్వండి.

ఇక కొత్త పద్ధతి. మూడు నెలల్లో అమ్ముడైన వాటి ధరలు తీసుకుంటాను, మరీ ఎక్కువవీ మరీ తక్కువవీ వదిలేస్తాను, మధ్యలో ఉన్నదే మూలధర. దాని మీద నేను నిజంగా చేసిన పనికి మాత్రమే కలుపుతాను, ఎంత కలిపానో విడిగా రాస్తాను. ఆ పని అంటే ఏంటో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా లిస్టింగుల్లో "టెస్టెడ్" అనే ఒక్క మాట వెనక ఏమీ ఉండదు. టైటిల్ స్క్రీన్ వచ్చిందా, ఫోటో తీశామా, అయిపోయింది. క్రిస్టల్ లాంటి గేమ్‌బాయ్ కలర్ పోకెమాన్ క్యాట్రిడ్జ్‌లలో మీ సేవ్ (ఎంతవరకు ఆడారో దాచుకునేది) అంతా లోపలున్న చిన్న నాణెం బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటుంది, గేమ్‌లోని గడియారం కూడా దాంతోనే నడుస్తుంది కాబట్టి ఇంకా త్వరగా అయిపోతుంది. ఇరవై ఏళ్లు దాటిన బ్యాటరీ ఉన్న క్యాట్రిడ్జ్ టైటిల్ స్క్రీన్ చక్కగా చూపిస్తుంది, మీరు నాలుగు గంటలు ఆడి సేవ్ చేసి ఆపేశాక మర్నాడు చూస్తే ఏమీ ఉండదు. నేను బ్యాటరీ మార్చి, సేవ్ చేసి, రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ చూస్తాను. అదే తర్వాత గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి వచ్చిన పోకెమాన్ ఎమరాల్డ్ అయితే సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, బ్యాటరీ పోయినా సేవ్ పోదు, గడియారంతో ముడిపడినవి మాత్రమే ఆగిపోతాయి. కాబట్టి ఎమరాల్డ్ మీద "కొత్త బ్యాటరీ, సేవ్ సేఫ్" అని చెప్పి ఎక్కువ అడిగేవాళ్లకి ఆ మాట మీద డబ్బు ఇవ్వకండి.

నకిలీల సంగతి ఇంకా దారుణం. గేమ్‌బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ గేముల్లో నకిలీలు ఎంత ఎక్కువంటే, నాకు అమ్మకానికి వచ్చేవాటిని విప్పి చూడకుండా కొనడం మానేశాను. అసలైన దాని లేబుల్ మీద వెలుతురు ఏటవాలుగా పడేలా పెడితే ఒత్తినట్టు రెండంకెల నంబర్ ఒకటి కనిపిస్తుంది. కింద కన్సోల్‌కి తగిలే లోహపు కాంటాక్టుల వైపు నుంచి లోపలికి చూస్తే సర్క్యూట్ బోర్డు మీద నింటెండో పేరు ఉంటుంది. కానీ మంచి నకిలీల మీద ఈ మధ్య నంబర్ కూడా ఒత్తుతున్నారు, అందుకే చివరికి బోర్డు చూస్తేనే నమ్మకం. ఇప్పట్నించి నిర్ణీత ధర దాటిన ప్రతి క్యాట్రిడ్జ్‌కీ విప్పి తీసిన బోర్డు ఫోటో, రెండు వైపులా, లిస్టింగ్‌లో ఉంటుంది. మీరు ఇంకెవరి దగ్గరైనా కొంటుంటే ఆ ఫోటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి, ఎంత తక్కువైనా సరే.

సీలు వేసిన గేములు, గ్రేడింగ్ చేసిన ప్లాస్టిక్ పెట్టెల్లోవి ఇకపై కొనను. నా దగ్గరున్న నాలుగూ అమ్మేశాక ఇక అమ్మను కూడా. పాత సీలుకీ కొత్తగా మళ్లీ చుట్టిన ప్లాస్టిక్‌కీ తేడా ప్రతిసారీ కచ్చితంగా చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు. అది లేనప్పుడు మీ దగ్గర అంత డబ్బు తీసుకోకూడదు.

ధరలు తగ్గిస్తే ఒక సమస్య వస్తుంది, ఇంతకుముందు వచ్చింది కూడా. పోయిన ఏడాది ఒక స్టాకు చాలా తక్కువకి పెట్టాను. గంటలోపే మొత్తం అయిపోయింది, చాలా సంతోషించాను. మూడు రోజుల తర్వాత అవే ఒక రీసేల్ సైట్‌లో దాదాపు రెట్టింపుకి కనిపించాయి. అవేనని ఎలా తెలుసంటే, ఒకదాని లేబుల్ మూల మీద ఎవరో చిన్నప్పుడు పెన్నుతో గీసుకున్న నక్షత్రం ఉంది, దాన్ని తుడిచేయడం ఇష్టంలేక అలాగే వదిలేశాను. ఫోటోలు కూడా నేను తీసినవే. ఆ సైట్‌కి ఫిర్యాదు చేస్తే ఫోటోలు తీయించారు, లిస్టింగ్ మాత్రం కొత్త ఫోటోలతో మళ్లీ వచ్చింది. కాబట్టి ఈసారి ఒక గేమ్ ఒక మనిషికి ఒక్కటే. కావాలని ముందే అడిగినవాళ్లకి మెయిల్ వెళ్లిన రెండు రోజుల తర్వాతే మిగతాది షాపులో పెడతాను. ఇది పూర్తిగా అడ్డుకుంటుందని అనుకోవట్లేదు. వేరే మంచి దారి తెలిసినవాళ్లు చెప్పండి, నిజంగా వింటాను.

ఖర్చు విషయం దాచను. 2021లో ఎక్కువ పెట్టి కొన్న స్టాకులో కొంత ఇంకా నా అల్మారాలోనే ఉంది, కొత్త లెక్క ప్రకారం అది నష్టానికే పోతుంది. ఆ నష్టం నాది. అది పూడ్చుకోవడానికి మిగతావాటి మీద పెంచను. ఈ ఏడాది కొత్త రకాలు తక్కువగా వస్తాయి, ప్యాకింగ్ నేనొక్కణ్ణే చేస్తాను కాబట్టి ఆర్డర్ పంపడానికి రెండు మూడు రోజులు అదనంగా పట్టొచ్చు.

ఇక ఇంతకుముందు కొన్నవాళ్లు. గత ఏడాది కాలంలో నా దగ్గర కొన్న ప్రతి గేమ్‌కీ, మీరు కొన్న నెలలో అది నిజంగా ఎంతకి అమ్ముడైందో వెతుకుతున్నాను. మీ దగ్గర ఆ ధర మీద ఐదో వంతుకు మించి ఎక్కువ తీసుకుని ఉంటే, ఆ తేడా మొత్తం మీకు వెనక్కి పంపిస్తాను, షాపు క్రెడిట్ కావాలంటే క్రెడిట్, డబ్బే కావాలంటే డబ్బు. అంతకంటే ముందువి అన్నీ ఇవ్వగలిగే స్థితిలో లేను, ఒక్కటి తప్ప. 2021 చివర్లో ఒకతను చెల్లెలి కోసం క్రిస్టల్ కొన్నాడు, చిన్నప్పుడు తనదే పోగొట్టుకుందని, దొరికితే చాలని రాశాడు. ఎంత చెప్పినా కొంటాడని నాకు తెలుసు, తెలిసే ఎక్కువ చెప్పాను. అతనికి నిన్నే తేడా పంపేశాను, ఎందుకో కూడా రాశాను.

మిగతావాళ్ల లెక్కలు ఆర్డర్ తేదీల వరుసలో చేస్తున్నాను, ఇప్పటికి నలభై మూడు అయ్యాయి. మీకు మెయిల్ రావడం ఆలస్యమైతే ఆర్డర్ నంబర్ పంపండి, మీది ముందు చూస్తాను. నా లెక్క తప్పనిపిస్తే మీరు చూసిన అమ్మకాలు పంపండి, మళ్లీ వేస్తాను.