ఆ గ్లాసుతోనే నీళ్లు తాగిన అక్కకు

తమ్ముడికి హెచ్‌ఐవీ ఉందని తెలిసిన నెలలోనే వాడి కంచం, గ్లాసు వేరు చేశాం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. హెచ్‌ఐవీకి చికిత్స అందించే ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాత్రలు వాడు మానేశాడని తెలిసి, ఆరోగ్య కార్యకర్తగా మీరు వెతుక్కుంటూ గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరికి వచ్చారు. వీధి మొదట్లోనే మెడలోని గుర్తింపు కార్డు తీసి సంచిలో పెట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చినట్టు లోపలికి వచ్చి, గోడవారన బోర్లించిన వాడి గ్లాసునే అందుకుని, అందులోనే నీళ్లు పోసుకుని తాగారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తర్వాత వాడి పక్కన చాప మీద కూర్చుని, రోజూ ఒక్క మాత్ర తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుందని ఓపిగ్గా వివరించారు. ఆ రాత్రి అమ్మ అన్ని కంచాలూ ఒకే వరసలో పెట్టింది. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. మా ఇంటిల్లిపాది తరఫున మీకు కృతజ్ఞతలు, అక్కా.