రవాణా సంస్థ ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

బస్సు దేన్నీ ఢీకొనకుండానే ప్రయాణికులు గాయపడతారు. హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలబడ్డవారు చేయి ఆనించి పడతారు, మణికట్టు విరుగుతుంది. వృద్ధులకైతే తుంటి ఎముక. ఢీకొన్న ఆనవాళ్లు లేవు కనుక "తనంతట తానే పడ్డారు" అని నివేదికలో రాసేస్తారు. అది తప్పని చూపగల కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లోనే కొత్త రికార్డింగు కింద చెరిగిపోతాయి. బాధితులు అప్పటికింకా ఆసుపత్రి మంచం మీదే ఉంటారు. మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి ఇది అందరి ముందు రాస్తున్నాం.

ఫిర్యాదు అందిన రోజే దృశ్యాలు, వేగం, బ్రేకుల రికార్డు భద్రపరచాలని ఆదేశించండి. నకలు బాధితులకు ఇప్పించండి. ఎముక అతికి, మిగిలిన వైకల్యమెంతో వైద్యులు తేల్చకముందే ఇకపై పరిహారం అడగబోమనే తుది పరిష్కార పత్రంపై బాధితుల సంతకం తీసుకోవద్దు. మరో ఆపరేషన్ అవసరమైతే ఆ సంతకమే అడ్డొస్తుంది. ఈలోగా చికిత్సకు మధ్యంతర పరిహారం చెల్లించండి.

ఇట్లు,
గాయపడిన ప్రయాణికుల తరఫున