ఆడ ఎలుక ఎంపికలో బోను వాటా ఎంత?

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో వచ్చిన విజ్ఞాన వ్యాసం, ఆడ ఎలుక ఎప్పుడూ అన్నిటిలోకీ బలమైన మగ ఎలుకనే కోరుకుంటుందనీ అది ప్రకృతి నియమమనీ ఒక్క వాక్యంలో తేల్చివేసి, ఆ పునాది మీద మన పెళ్లి సంబంధాల గురించి రెండు పేరాలు కట్టింది. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. పెళ్లి సంబంధాల గురించి మాట్లాడే అధికారం నాకు లేదు. ఎలుకల విషయంలో మాత్రం ఆ వాక్యం నిలవదని చెప్పగలను. ఎందుకు నిలవదో తెలియాలంటే ఎలుక కంటే ముందు దాన్ని ఉంచిన బోనును చూడాలి.

మా విద్యార్థి దశలో ప్రయోగశాలలో ఎలుకలను జతకట్టించే పద్ధతి చాలా సులువుగా ఉండేది. సాయంత్రం ఒక మగదాన్నీ ఒక ఆడదాన్నీ చిన్న బోనులో వేసి మూత పెట్టేవాళ్లం. మర్నాడు ఉదయం ఆడ ఎలుక యోని స్రావాన్ని గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూసి, వీర్యకణాలు కనిపిస్తే ఆ రోజును గర్భం మొదటి రోజుగా పుస్తకంలో రాసుకునేవాళ్లం. ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకోసారి ఎద వస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట కొన్ని గంటలే ఉంటుంది. ఆ గంటల్లో బోనులో ఉన్న ఒకే ఒక్క మగదానితో జరిగినదాన్ని ఎంపిక అనడానికి ఎవరికైనా మనసొప్పదు. అయినా దశాబ్దాల పాటు మగ ఎలుక చొరవ గురించీ ఆడ ఎలుక అంగీకారం గురించీ పుస్తకాల్లో వర్ణనలు వచ్చింది ఎక్కువగా ఇటువంటి బోనులను చూసే. మగది వెంటపడుతుంది, ఆడది నడుము వంచి నిలబడుతుంది, అక్కడితో పాఠం ముగుస్తుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్తా మెక్‌క్లింటాక్, నార్మన్ ఆడ్లర్ కలిసి అడవి ఎలుకలనూ ప్రయోగశాల ఎలుకలనూ పరిశీలించి 1978లో ప్రచురించిన ఫలితాలు ఈ పాఠాన్ని తలకిందులు చేశాయి. తగినంత చోటు దొరికినప్పుడు ఆడ ఎలుకే మగదాని దగ్గరికి వెళుతుంది, దాని ముందు ఆగుతుంది, చెవులు అదరగొడుతుంది, ఒక్కసారిగా గంతువేసి పరుగు తీస్తుంది. మగది వెనకాల పరుగెత్తేది ఆ పిలుపు అందుకున్నాకే. చిన్న బోనులో మనకు కనిపించిన వెంటపడటం నిజానికి రెండో అంకం. మొదటి అంకానికి ఆ బోనులో స్థలమే లేదు.

తర్వాతి కాలంలో చాలా ప్రయోగశాలలు బోను మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టి, దానికి ఆడ ఎలుక మాత్రమే దూరగలిగేంత రంధ్రాలు చేయడం మొదలుపెట్టాయి. ఒళ్లు పెద్దది కావడం వల్ల మగది అవతలి గదిలోనే ఉండిపోతుంది, ఆడది తన ఇష్టం వచ్చినప్పుడు వెళ్లి, ఇష్టం వచ్చినప్పుడు తిరిగివస్తుంది. ఇలా వదిలేసినప్పుడు దాని రాకపోకలకు ఒక క్రమం కనిపించింది: మగది ఊరికే పైకెక్కి దిగిపోతే ఆడది త్వరగానే మళ్లీ వెళుతుంది, అంగప్రవేశం జరిగితే కాస్త ఎక్కువసేపు దూరంగా ఉంటుంది, వీర్యస్ఖలనం జరిగితే అన్నిటికంటే ఎక్కువసేపు ఆగుతుంది. మెక్సికో శాస్త్రవేత్త రౌల్ పారెడెస్ మరొకరితో కలిసి 1997లో చూపించినది ఇంకా ముఖ్యమైనది. ఇలా తన వేగాన్ని తానే నిర్ణయించుకున్న ఆడ ఎలుక ఆ అనుభవంతో ముడిపడిన గదిని తర్వాత కూడా ఇష్టపడింది. ఆ వీలు లేకుండా జతకట్టిన ఆడ ఎలుకలో అటువంటి ఇష్టం ఏర్పడలేదు.

ఈ విరామాలకు శరీరధర్మపరమైన కారణం కూడా ఉంది. ఆడ్లర్, జోలోత్ 1970లోనే చూపినట్టు, స్ఖలనం జరిగిన కొద్ది నిమిషాల్లోనే మళ్లీ సంభోగ ప్రేరణ కలిగితే వీర్యకణాలు గర్భాశయంలోకి చేరడం దెబ్బతింటుంది, గర్భం నిలవకపోవచ్చు. అంటే ఏ మగ ఎలుక తర్వాత ఎంతసేపు ఆగాలి, ఆ లోపల మరో మగదాన్ని దగ్గరికి రానివ్వాలా వద్దా అన్నది కూడా ఆడ ఎలుక చేతిలో ఉన్న ఎంపికే. అడవి ఎలుకల్లో ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు ఒకటికి మించి తండ్రులు ఉండటం తెలిసిన విషయమే కనుక, ఒక్క మగదాన్ని వరించి తక్కినవాటిని తిరస్కరించే స్వయంవర చిత్రం ఎలుకలకు మొదటినుంచీ సరిపడదు.

బలం అసలు లెక్కలోకే రాదని నేను అనడం లేదు. మగవాటి మధ్య పోట్లాటలో గెలిచినదానికి ఆడదాని దగ్గరికి వెళ్లే అవకాశాలు పెరగవచ్చు. అయితే అది మగవాటి మధ్య పోటీకి వచ్చిన ఫలితం, ఆడదాని ఇష్టం వేరు. డార్విన్ 1871లోనే ఈ రెండింటినీ విడదీసి చూపాడు. మీ వ్యాసకర్త ఈ రెండింటినీ మళ్లీ ఒకే గంపలో వేశారు.

మరి ఆడ ఎలుకను కదిలించేది ఏమిటంటే, అన్నిటికంటే ముందు వాసన. వృషణాలు తీసేసిన మగదాని కంటే మామూలు మగదాని వాసన వైపు ఎదలో ఉన్న ఆడ ఎలుక ఎక్కువగా మొగ్గుతుంది, ఎందుకంటే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఆనవాళ్లు మూత్రంలోకి చేరతాయి. ముక్కులోని మామూలు వాసన పొరతో పాటు ఎలుకకు వోమెరోనేసల్ అవయవం అనే మరో వాసన ఇంద్రియం కూడా ఉంది. వ్యాధినిరోధక శక్తికి సంబంధించిన జన్యువుల్లో మాత్రమే తేడా ఉన్న రెండు ఎలుకల మూత్రాలను వాసనతోనే వేరు చేయగల సామర్థ్యం ఎలుకలకు ఉందని 1987లో వెల్లడైంది. చిట్టెలుకల్లో తమకు భిన్నమైన ఆ జన్యువులున్న జత వైపు మొగ్గు ఉండటం 1976లోనే బయటపడింది. ఇక్కడ మన దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విస్టార్ అనే ప్రయోగశాల తెల్ల ఎలుకల నుంచి వచ్చిన తన సొంత వంశాన్ని దశాబ్దాలుగా పెంచుతోంది. ఇలా దగ్గరి బంధువుల మధ్యే తరతరాలుగా సంతానం కనిన వంశంలో అన్ని మగ ఎలుకలూ జన్యుపరంగా దాదాపు ఒక్కటే; పోషణ, మందుల పరీక్షలకు అది గొప్ప సౌకర్యం. అటువంటి రెండు మగ ఎలుకలను ఎదురుగా పెట్టి ఆడ ఎలుకను ఎంచుకోమనడం మాత్రం కవలల్లో ఎవరు నచ్చారని అడగడం వంటిది.

వాసన పుట్టుకతో వచ్చిన అభిరుచి అనుకుంటే అదీ పొరపాటే. కెనడాలోని కాంకార్డియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఫౌస్ బృందం మగ ఎలుకల మెడకు బాదం వాసన పూసింది. ఆ వాసన ఉన్న మగదానితో తన వేగంలో తాను జతకట్టే వీలు దొరికిన ఆడ ఎలుక, తర్వాత వాసన పూసినది ఒకటీ పూయనిది ఒకటీ ఎదురుగా ఉన్నప్పుడు బాదం వాసన వైపే మొగ్గింది. బాదం వాసనకు ఎలుకల ప్రపంచంలో లైంగిక అర్థం ఏమీ లేదు. ఆ అర్థం అనుభవం నుంచి వచ్చింది. అలవాటు పడే దశలో శరీరంలోని నల్లమందు తరహా రసాయనాల పనిని నలోక్సోన్ మందుతో అడ్డుకుంటే ఆ ఇష్టం ఏర్పడలేదు. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో బెనెట్ గేలెఫ్ బృందం 2008లో చూపినది ఇంకో రకం నేర్పు: అప్పుడే మరో ఆడదానితో జతకట్టిన మగ ఎలుక దగ్గర ఆడ ఎలుకలు ఎక్కువసేపు గడిపాయి. ఊళ్లో నలుగురు వెళ్లే కొట్టుకే మనమూ వెళ్లినట్టు, ఒక ఆడ ఎలుక ఇష్టానికి మరొకదాని నిర్ణయం ఆనవాలు అవుతోంది.

బలమే ఆరోగ్యానికి గుర్తు, ఆడది ఆరోగ్యాన్నే ఎంచుకుంటుంది అన్న వాదానికి నాకు తెలిసిన గట్టి ఎదురుదెబ్బ టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవి. ఇది పిల్లి పేగుల్లో మాత్రమే లైంగిక దశ పూర్తి చేసుకుంటుంది, అందుకని ఎలుకలో చేరి పిల్లి వాసన పట్ల దానికున్న సహజ భయాన్ని తగ్గిస్తుందని 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. సింగపూర్‌లో అజయ్ వ్యాస్ బృందం 2011లో మరో అడుగు వేసింది: ఈ పరాన్నజీవి సోకిన మగ ఎలుకల వైపే ఆడ ఎలుకలు ఎక్కువ మొగ్గాయి, జతకట్టడంలోనూ సోకినవాటికే పెద్ద వాటా దక్కింది. పరాన్నజీవి వీర్యం ద్వారా కూడా వ్యాపించగలదు కనుక ఆ ఆకర్షణ వల్ల లాభపడేది అదే. సాధారణంగా జబ్బుపడ్డ మగదాని వాసనను చిట్టెలుకలు తప్పించుకుంటాయని మనకు తెలుసు. ఇక్కడ ఆ రక్షణనే తిప్పికొట్టే జీవి ఉంది. దీన్ని ఆడ ఎలుక తెలివి అనాలో, పరాన్నజీవి తెలివి అనాలో మీ వ్యాసకర్తే చెప్పాలి.

రైతు కుటుంబాల పాఠకులకు ఇంతకంటే దగ్గరగా తగిలే ఫలితం ఒకటుంది. ద్రాక్ష వంటి పండ్ల తోటల్లో తెగుళ్లకు వాడిన వింక్లోజోలిన్ అనే శిలీంద్ర నాశినిని గర్భిణి ఎలుకలకు ఇచ్చి, వాటి మూడో తరం సంతానాన్ని టెక్సస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్, ఆండ్రియా గోర్, వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్కిన్నర్‌తో కలిసి 2007లో పరీక్షించారు. మందు తగలని వంశపు మగ ఎలుకల వైపే ఆడ ఎలుకలు మొగ్గాయి. మగ ఎలుకల్లో అటువంటి తేడా కనిపించలేదు. ముత్తవ్వకు తగిలిన మందు మునిమనవడి జోడీ అవకాశాలను తగ్గించిందన్నమాట, పైగా ఆ మునిమనవడు ఆ మందును ఎన్నడూ ముట్టలేదు. బలాబలాల కొలత ఏదీ దీన్ని పట్టుకోలేదు.

శబ్దాల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఎలుకలు మన చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ స్థాయిలో కూస్తాయి, స్ఖలనం తర్వాత మగది 22 కిలోహెర్ట్జ్ స్థాయిలో దీర్ఘంగా పలుకుతుంది; ఈ రెండో పలుకును 1972లో బార్‌ఫీల్డ్, గైయర్ పాటగా వర్ణించారు. పాట అన్నారు కాబట్టి ఆడది ఇటువంటి కూతలకు పడిపోతుందని రాయడం సులువే. కానీ నార్వేలోని ట్రోమ్సోలో స్నూరెన్, ఆగ్మో చేసిన పరీక్షల్లో ఈ 50 కిలోహెర్ట్జ్ కూతలకు ఎదుటి ఎలుకను రప్పించే శక్తి పెద్దగా కనిపించలేదు.

మీ వ్యాసం పక్కన వేసిన బొమ్మ గురించి కూడా ఒక మాట. అది పొలం గట్టున పందికొక్కు బొమ్మ. పై పరిశోధనల్లోని ఎలుక నార్వే ఎలుక అనబడే జాతి, దాని నుంచి వచ్చిన తెల్ల ఎలుక. మన ఇళ్ల అటకల మీద తిరిగేది మరో జాతి, గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి కంకులు కొరికేది ఇంకో జాతి. తెలుగులో అన్నిటికీ ఎలుకే అంటాం కాబట్టి చదివేవారికి తేడా తెలియదు, అందుకే రాసేవారు చెప్పాలి.

అందుచేత నా విన్నపం ఇది. ఆడ ఎలుక ఎప్పుడూ బలమైన మగదాన్నే కోరుకుంటుందన్న ఆ వాక్యాన్ని వచ్చే అనుబంధంలో సరిదిద్దండి. ఇకమీదట జంతువుల ప్రవర్తన మీద వ్యాసం వేసేటప్పుడు అది ఏ జాతి, ప్రయోగశాలలో ఎన్ని తరాలుగా పెరిగినది, పరీక్షలో ఎన్ని మగవి ఎన్ని ఆడవి ఉన్నాయి, ఆడదానికి తప్పుకుని వెళ్లే దారి ఉందా లేదా అన్న నాలుగు విషయాలు వ్యాసకర్తను అడిగి, కనీసం ఒక పేరాలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు,
కాకినాడ