మీ అమ్మాయి మోకాలి నొప్పి గురించి

ప్రియ మిత్రమా,

ఫుట్‌బాల్ ఆడి వచ్చిన ప్రతిసారీ అమ్మాయి మోకాలు పట్టుకుని కూర్చుంటోందనీ, ఎదిగే వయసులో ఇది మామూలేనని కోచ్ తేల్చేశాడనీ నువ్వు రాసింది చదివాక ఊరుకోలేకపోయాను. ఆయన మాటలో కొంత నిజం ఉంది. ఈ వయసులో ఎముకలు గబగబా పొడుగవుతుంటే కండరాలు ఆ వేగాన్ని అందుకోలేక బిగుసుకుంటాయి. దాంతో మోకాలిచిప్ప కింద, స్నాయువు ఎముకకు అతుక్కునే లేత భాగాన్ని ప్రతి పరుగూ, బంతిని తన్నే ప్రతి తన్నూ లాగుతూనే ఉంటాయి. అక్కడ వేలితో మెల్లగా నొక్కి చూడు. చిన్న బుడిపెలా తగిలి, అమ్మాయి నొప్పితో కాలు వెనక్కి లాక్కుంటే అది ఎదిగే పిల్లల మోకాళ్లకు వచ్చే ఆస్‌గుడ్-ష్లాటర్ అనే సమస్య కావచ్చు. ఎదుగుదల పూర్తయ్యేసరికి అది సాధారణంగా తగ్గిపోతుంది. అయినా సరే, కుంటుతున్న పిల్లను మైదానంలోకి పంపడానికి నేను ససేమిరా ఒప్పుకోను. మోకాలు వాచినా, మడత పడకుండా పట్టేసినా, నొప్పికి రాత్రి నిద్రలో మెలకువ వచ్చినా వెంటనే ఎముకల డాక్టరుకు చూపించు.

నిజానికి నా భయమంతా మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు (గట్టి పట్టీ) గురించి. ఎవరూ ఢీకొట్టకపోయినా, పరుగులో చటుక్కున దిశ మార్చినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో మోకాలు లోపలికి ఒరిగి అది తెగిపోవచ్చు. ఈ ముప్పు అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక కనీసం 9 నెలలు పోటీలకు దూరంగా ఉండాలంటే, ఆ వయసు పిల్లకు అదెంత కష్టమో ఆలోచించు.

దీన్ని చాలావరకు ముందే అడ్డుకోవచ్చు. ఫిఫా 11+ అనే వార్మప్‌కు 20 నిమిషాలు చాలు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలతో చేయించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఎగిరి దిగేటప్పుడు మోకాలు పాదానికి సూటిగా ఉండేలా అందులో పదేపదే సాధన చేయిస్తారు. అమ్మాయి దిగే తీరును ఒకసారి ఎదురుగా నిలబడి గమనించు, మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలుతుంటే నీకే తెలుస్తుంది. అన్నట్టు, తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, తికమకపడినా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకు.

కోచ్‌తో గొడవ పడనక్కర్లేదు. ప్రతి సాధనకూ ముందు ఆ 20 నిమిషాలు కేటాయించమని ఈ వారంలోనే అడుగు, ఆయన ఏమన్నాడో నాకు రాయి.

నీ
మిత్రుడు