ఎడిన్‌బరో పుర్రెల జాబితా మనమూ అడగాలి

సంపాదకులు గారికి,

బానిస వ్యాపారంతో, వలస పాలనతో తనకున్న సంబంధాలపై స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 2025 జూలైలో ఒక నివేదిక బయటపెట్టింది. అక్కడి మెడికల్ స్కూల్ అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) మ్యూజియంలో దాదాపు 1,500 పుర్రెలున్న గది సంగతి దాంతో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. అది మనకు దూరపు వార్త కాదు.

అనాటమీ చదివినవాళ్లకు ఆ మ్యూజియం తెలిసిందే. 1720లో ప్రొఫెసరైన అలెగ్జాండర్ మన్రో, ఆయన కొడుకు, మనవడు వరసగా వందేళ్లకు పైగా అక్కడ అనాటమీ చెప్పారు. ముగ్గురిదీ ఒకటే పేరు! రెండో మన్రో 1798లో తన సేకరణనూ, తండ్రి సేకరణనూ యూనివర్సిటీకి ఇచ్చేశాడు. మూడో మన్రో 1829లో విలియం బర్క్ శవాన్ని కోశాడు. తోడుదొంగతో కలిసి 16 మందిని చంపి, ఆ శవాలను అనాటమీ లెక్చరర్ రాబర్ట్ నాక్స్‌కి అమ్ముకున్నవాడు ఈ బర్క్. ఉరితోపాటు శవాన్ని కోయడం కూడా కోర్టు వేసిన శిక్షే. అతని అస్థిపంజరం ఇప్పటికీ ఆ మ్యూజియంలోనే ఉంది. ఆ తర్వాత 1832లో వచ్చిన చట్టం, హంతకుల బదులు దిక్కులేని పేదల శవాలను డిసెక్షన్‌కి అప్పగించింది. అనాథ శవాలను మెడికల్ కాలేజీలకిచ్చే మన చట్టాలదీ అదే దారి.

బర్క్‌కి కనీసం విచారణ జరిగింది, పేరు మిగిలింది. పుర్రెల గదిలో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ రెండూ లేవు. తల ఆకారాన్ని బట్టి బుద్ధిని అంచనా కట్టే ఫ్రెనాలజీ పిచ్చి ఎడిన్‌బరోలో బాగా నడిచిన రోజుల్లో, మధ్య భారతంలో ఉరితీసిన ఏడుగురు థగ్గుల (బాటసారులను చంపి దోచుకునే ముఠాలవాళ్ల) పుర్రెలు అక్కడి ఫ్రెనాలజీ సొసైటీకి చేరాయి. ఆ సొసైటీ సేకరణ తర్వాత యూనివర్సిటీకి వచ్చింది. ఇక అక్కడి అనాటమీ ప్రొఫెసర్ విలియం టర్నర్‌కి సామ్రాజ్యం నలుమూలల నుంచీ డాక్టర్లు, అధికారులు పుర్రెలు పంపేవారు. భారతీయుల పుర్రెల కొలతలపై ఆయన వరసగా వ్యాసాలు ప్రచురించాడు. 1906 ప్రాంతంలో వచ్చిన మూడో భాగంలో మద్రాసు ప్రెసిడెన్సీ వాసుల పుర్రెలున్నాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే కదా.

ఈ పుర్రెలు పోతే చదువు దెబ్బతింటుందనే వాదన ఒకటుంది. నాకు అందులో పస కనిపించదు. జాతుల హెచ్చుతగ్గులు తేల్చడానికి తీసిన ఆ కొలతలు ఈ రోజు ఏ ఎంబీబీఎస్ విద్యార్థికీ అక్కర్లేదు. వ్యాధి సోకిన అవయవాల జాడీలు, నరాల డిసెక్షన్లు వేరు, వాటిని ఎవరూ వద్దనరు.

అడిగినవాళ్లకు ఎడిన్‌బరో తిరిగి ఇస్తోంది కూడా. 2019లో తొమ్మిది పుర్రెలను శ్రీలంక ఆదివాసులైన వెద్దాలకు అప్పగించింది. 1874లో జపాన్ సైనికులు చంపిన నలుగురు పైవాన్ తెగ యోధుల పుర్రెలు 2023లో తైవాన్‌కి వెళ్లాయి. 2024లో ఇంగ్లండ్‌లో ఒక నాగా పుర్రె వేలానికొస్తే నాగాలాండ్ ముఖ్యమంత్రి విదేశాంగ మంత్రికి లేఖ రాశారు, వేలం ఆగింది.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ మాత్రం చేయలేవా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగం ఉంది. టర్నర్ వ్యాసం ముందు పెట్టుకుని ఏ పుర్రె ఏ జిల్లాది, ఏ తెగది, ఎవరు పంపారు అన్నది ముందు అక్కడ రాసుకోవచ్చు. ఆపైన విదేశాంగ శాఖ ద్వారా ఎడిన్‌బరోను పూర్తి జాబితా అడగాలి. తెప్పించుకోవాలా, తెప్పిస్తే ఎక్కడ ఖననం చేయాలి అన్నది మాత్రం ఆ తెగలవాళ్లే తేల్చాలి, అధికారులు కాదు.

– ఒక పాఠకుడు, కాకినాడ